హెర్నియాకు రోబో ఆపరేషను ఎవరికి?
(ఉపన్యాస పాఠము)



పట్టణములలోని ఆసుపత్రుల ప్రకటనలు చూచి, "హెర్నియాకు ఇప్పుడు రోబో ఆపరేషనే చేయించవలెనట గదా, అందుకు పొలము తాకట్టు పెట్టవలసినదేనా?" అని గ్రామములలో పలువురు మమ్ము అడుగుచున్నారు. అక్కరలేదు. ఎందుకు అక్కరలేదో, ఎవరికి ఆ యంత్రము నిజముగా ఉపకరించునో మనవి చేయుదుము.

మన పొట్ట గోడ కండరములతోను, గట్టి పొరలతోను నేసిన గోనె సంచి వంటిది. ఎక్కడనైనను నేత సడలినచో లోని కొవ్వుగాని పేగుగాని ఆ సందున వెలుపలికి పొడుచుకొని వచ్చును. అదియే హెర్నియా. గజ్జలో, బొడ్డు వద్ద, పూర్వపు ఆపరేషను మచ్చ వెంట ఇది కనబడును. పురుషులలో నూటికి ఇంచుమించు 27 మందికి జీవితములో ఎప్పుడో ఒకప్పుడు గజ్జ హెర్నియా వచ్చునని అంచనా. దీనిని వరిబీజమని పొరబడువారు కలరు. వరిబీజమున చేరునది నీరు. ఇందు జారునది సాధారణముగా పేగు. చినిగిన సంచి పసరు పూసినంత మాత్రమున అతుకుకొనదు గదా! నడికట్టు కొంత అదిమి పట్టును గాని రంధ్రమును మూయజాలదు.

నొప్పి లేని చిన్న గజ్జ హెర్నియా గల పురుషుని కొంతకాలము వేచి చూడుమని వైద్యుడే చెప్పవచ్చును. స్త్రీలకు తొడ మొదట వచ్చు హెర్నియా విషయమున అట్టి జాగు పనికిరాదు. అది బిగిసిపోవుట ఎక్కువ. బిగిసిన పేగునకు రక్తము అందక కొన్ని గంటలలోనే చెడిపోవును. పడుకొన్నను లోపలికి పోని గడ్డ, తీవ్రమైన నొప్పి, వాంతులు కనబడినచో తెల్లవారువరకు ఆగరాదు. ఆ రాత్రియే ఆసుపత్రికి చేర్చవలెను.

1887లో ఇటలీ వైద్యుడు బస్సీని గజ్జ గోడను పొరలు పొరలుగా కుట్టు పద్ధతిని ప్రకటించెను. అయితే అంచులను బిగలాగి కుట్టినచోట మరల తెగుట కలదు. 1980లలో అమెరికా వైద్యుడు లిక్టెన్‌స్టైన్, లాగకుండ వల గుడ్డతో అతుకు వేయు పద్ధతిని వ్యాప్తికి తెచ్చెను. ఈ వలను గూర్చి ఒక ముచ్చట. మహారాష్ట్రలోని దొండాయిచా అను చిన్న ఊరిలో డాక్టరు తొంగావ్‌కర్ దోమతెర గుడ్డనే శుద్ధిచేసి వలగా వాడిరి. ఉగాండా దేశమున 302 మంది పురుషులపై జరిగి 2016లో వెలువడిన పరిశీలనలో, ఏడాది గడచిన పిమ్మట, దోమతెర వలకును ఖరీదైన వలకును చెప్పుకోదగిన భేదము కానరాలేదు. (ఇంటి దోమతెరను కత్తిరించి ఆసుపత్రికి పట్టుకొని పోనక్కరలేదు సుమా!)

ఇక రోబో. అది తనంత తాను కోయదు. వైద్యుడు ప్రక్కనే ఒక పెట్టె వద్ద కూర్చుండి, పెద్దదిగా కనబడు బొమ్మను చూచుచు, చిన్న రంధ్రములగుండ లోనికి పంపిన పనిముట్లను నడుపును. అవి మన మణికట్టువలె తిరుగును. చేతివణకు వానికి సోకదు. అమెరికాలో ఇట్టి 'డావించీ' యంత్రమునకు 2000లో అనుమతి లభించెను. మన దేశమున తయారైన 'ఎస్.ఎస్.ఐ. మంత్ర' 2022లో వచ్చినది.

దీని ప్రయోజనము ఎక్కడ? పెద్ద ఆపరేషను మచ్చ విచ్చుకొని, పొట్ట కండరములు రెండు వైపులకు తొలగిపోయినవారి విషయమున. వారికి కండరపు పొరలను విడదీసి, దగ్గరకు చేర్చి, వెనుక పెద్ద వల పరచి, పొట్ట గోడను తిరిగి కట్టవలెను. పొట్ట పైకప్పున తలక్రిందుగా కుట్టు వేయుట నిటారు పనిముట్లతో మిక్కిలి కష్టము, రోబోతో సుళువు. పొట్టను పెద్దగా కోసినవారికంటె ఇట్టివారు త్వరగా ఇల్లు చేరుచున్నారని పలు పరిశీలనలు తెలుపుచున్నవి. కాని మామూలు గజ్జ హెర్నియా సంగతి వేరు. 2020లో అమెరికాలో వెలువడిన పరిశీలనలో, దుర్భిణితో చేయు ఆపరేషనుకంటె రోబోవలన మొదటి నెలలో అదనపు మేలు కానరాలేదు. కాలము, ఖర్చు మాత్రము పెరిగినవి. అట్టి హెర్నియాకు అప్పు చేసి యంత్రమును వెదకుకొని పోవుటకంటె, దగ్గరి ప్రభుత్వాసుపత్రిలో వల ఆపరేషను చేయించుకొనుట మేలని మా అభిప్రాయము.

ఏ పద్ధతి యైనను, చుట్ట బీడీలు ముందుగనే మానవలెను, మధుమేహము అదుపునందుండవలెను, విడువని దగ్గునకు చికిత్స జరుగవలెను. ధాన్యపు బస్తా ఎప్పుడు ఎత్తవచ్చునో వైద్యునే అడుగుడు. పొట్టపై పూర్వము ఆపరేషను జరిగినవారు ఆ పాత కాగితములను వెంట తీసికొనిపోవలెను.