షట్టర్ సగం దించిన వేళ

బీఫార్మసీ పట్టా అందుకున్న మీ అందరికీ అభినందనలు.

ఈ స్నాతకోత్సవంలోని స్నాతకం అనే మాట మన పెళ్ళిళ్ళలో ఇంకా బతికే ఉంది. పెళ్ళికొడుకు స్నాతకం ముగించుకుని గొడుగూ కర్రా పట్టుకుని కాశీకి బయల్దేరతాడు. పట్టుమని పదడుగులు వెయ్యకముందే బావమరిది బతిమాలి వెనక్కి తీసుకొస్తాడు. మీలోనూ కొందరు హైదరాబాదుకు, కొందరు అమెరికాకు బయల్దేరుతున్నారు. హాయిగా వెళ్ళిరండి. నేను ముఖ్యంగా మాట్లాడేది మాత్రం పదడుగుల్లో వెనక్కొచ్చేవాళ్ళతో. తెనాలిలోనో బాపట్లలోనో రేపల్లెలోనో మందుల షాపు కౌంటర్ వెనక నిలబడబోయేవాళ్ళతో.

నేను డాక్టర్‌ని. మేం రాత్రి తొమ్మిదింటికి బోర్డు లైటు ఆర్పేసి ఇంటికెళ్ళిపోతాం. ఆదివారం సాయంత్రం అసలు తలుపే తియ్యం. తెనాలి బోస్ రోడ్డు మీద రాత్రి పదిన్నరకి ఒకసారి నడిచి చూడండి. అప్పటికింకా వెలుగుతుండేది సగం షట్టర్ దించిన మందుల షాపే. రోగం మా టైమింగ్స్ చూసుకుని రాదు కాబట్టి, ఆ వేళకి జనం తట్టేది మిమ్మల్నే.

మా నాన్న కూడా అలాగే తట్టారు. 1990ల్లో సంగతి, రేపల్లె దగ్గర మా ఊరు. రాత్రి భోజనం చేశాక ఛాతీలో మంటగా ఉందని సెంటర్లోకి నడిచి వెళ్ళి "గ్యాస్ బిళ్ల ఇవ్వు అబ్బాయ్" అన్నారు. షాపులో ఉన్నతను ఇచ్చాడు. చిల్లర సరిపోక రేపు ఇవ్వండి లెమ్మన్నాడు కూడా, మంచివాడే. నాన్న చొక్కా వీపంతా తడిసి ఉందని ఆ పక్కనే సోడా తాగుతున్నవాళ్ళు తరవాత చెప్పారు. తెల్లారగట్ల మళ్ళీ నొప్పొస్తే ఆటోలో తెనాలి దారి పట్టారు. భట్టిప్రోలు దాటాక ఆటోలోనే పోయారు. ఆ రాత్రి నేను వేరే ఊళ్ళో నైట్ డ్యూటీలో ఉన్నాను, ఇంకెవరి నాన్నకో ఈసీజీ తీస్తూ.

ఆ షాపతన్ని తిట్టుకోలేదంటే అబద్ధం. చాలా ఏళ్ళు తిట్టుకున్నాను. తరవాత అర్థమైంది, అతను అడిగినది ఇచ్చాడు, అంతే. ఎవరికి? ఎన్నాళ్ళ నుంచి? చెమటలు పట్టాయా? నొప్పి ఎడమ చేతికో దవడకో పాకుతోందా? షుగర్ ఉందా? ఇవి అడగాలని అతనికి ఎవరూ నేర్పలేదు. మీకు నాలుగేళ్ళు నేర్పారు. షుగర్ ఉన్నవాళ్ళకీ ఆడవాళ్ళకీ గుండెపోటు ఒక్కోసారి నొప్పి లేకుండా ఒట్టి ఆయాసంగానో, వాంతిగానో వస్తుందనీ మీకు తెలుసు. బిళ్ల అమ్మకుండా మనిషిని పంపించడం కూడా మీ పనేనని చెప్పడానికే ఇంత దూరం వచ్చాను.

పంపించడమంటే ఎక్కడికి? అసలు చిక్కు ఇక్కడే ఉంది. మనవాళ్ళు లైటు కనిపించిన చోటికల్లా పరిగెడతారు. ముందు ఆర్‌ఎంపీ దగ్గరికి, తరవాత వాచ్‌మన్ తప్ప ఎవరూ లేని నర్సింగ్ హోముకి, ఆ తరవాత టౌనుకి, అక్కణ్ణుంచి గుంటూరు పెద్దాసుపత్రికి. 2022 ఏప్రిల్ 4న బాపట్ల జిల్లా అయింది, రేపల్లె అందులోకి వెళ్ళింది, తెనాలి గుంటూరు జిల్లాలో ఉండిపోయింది. జిల్లాలు మారినా ఆఖరి మజిలీ మాత్రం మారలేదు. మధ్యలో ఆగిన ప్రతి గుమ్మమూ ఓ అరగంట తినేస్తుంది. పక్షవాతమే తీసుకోండి. మూతి వంకరపోయి, చెయ్యి పడిపోయి, మాట ముద్దగా వస్తుంటే, గడ్డను కరిగించే ఇంజెక్షన్‌కు నాలుగున్నర గంటలే గడువు. ఆ ఇంజెక్షన్ ఇవ్వాలంటే ముందు సీటీ స్కాన్ తియ్యాలి. అంటే స్కాన్ లేని ఆసుపత్రి పక్క సందులోనే ఉన్నా ఆ రాత్రికి అది దూరమే. ఫోన్ చేసి "రాత్రిపూట స్కాన్ తీస్తారా అండీ?" అని ఒక్క ముక్క అడిగితే సగం పని అయిపోతుంది. మీ కౌంటర్ అద్దం కింద దేవుడి క్యాలెండర్ పక్కనే ఆ నంబర్లన్నీ రాసి పెట్టుకోండి. ఆరు నెలలకోసారి అవి మోగుతున్నాయో లేదో మీరే చేసి చూసుకోండి.

108 అంబులెన్స్ మన ఉమ్మడి రాష్ట్రంలోనే పుట్టింది, 2005 ఆగస్టు 15న హైదరాబాదులో. ఫోన్ చేసి ఆసుపత్రి పేరు చెప్పడం కాదు, గుర్తులు చెప్పాలి. రామాలయం ఎదురుగానా, చెరువుగట్టు మీదా, కాలవకి ఏ వైపు? వైజాగ్ నుంచి కొడుకు ఫోన్ చేస్తే మీ ఊరి కాలవ ఒడ్డు అతను చెప్పలేడు, మీరు చెప్పగలరు. ఇంకో మాట. ఆరోగ్య పథకం కార్డు దొరకలేదని బీరువా అంతా వెతుకుతూ కూర్చునే ఇళ్ళు చూశాను. ప్రాణం మీదికొచ్చిన మనిషికి కాగితాల పేరు చెప్పి మొదటి చికిత్స ఆపకూడదని సుప్రీంకోర్టు 1989లోనే, పరమానంద్ కటారా కేసులో తేల్చేసింది. ముందు మనిషిని బండి ఎక్కించమనండి, కార్డు తమ్ముడు తెస్తాడు.

గుండెపోటు అనుమానమైతే ఆస్పిరిన్ నమిలించవచ్చని మీరు చదివారు. అలర్జీ, కడుపులో పుండు లేవని కనుక్కుని, 108 వాళ్ళో డాక్టరో ఫోన్‌లో సరేనన్నాకే ఇవ్వండి. పక్షవాతానికి మాత్రం స్కాన్ కాకముందు ఆ బిళ్ల జోలికి పోవద్దు. లోపల గడ్డ కట్టిందో, నరం చిట్లిందో పైకి తెలియదు.

ఇక మన డెల్టాలో మరిచిపోకూడనిది ఒకటి ఉంది. తెల్లవారుజామున ఒకాయన వచ్చి, మా అబ్బాయికి కడుపు నొప్పి, బిళ్ల ఇవ్వమంటాడు. ఆరా తీస్తే, కుర్రాడు రాత్రి కింద చాప మీద పడుకున్నాడు. రెప్పలు వాలిపోతున్నాయి, మాట తడబడుతోంది. అది కట్లపాము కావచ్చు. దాని కాటుకు నొప్పుండదు, వాపుండదు, కరిచిన గుర్తు కూడా ఒక్కోసారి కనబడదు. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి నాలుగింటికీ ఒకే మందు, అదీ ఆసుపత్రిలోనే. కట్టు బిగించడం, బ్లేడుతో కొయ్యడం వద్దు. కరిచిన కాలో చెయ్యో కదలకుండా పెట్టి తీసుకెళ్ళడమే. పూర్వం నెల్లూరు వైపు పోలిరెడ్డిపాలెం స్టేషన్ మాస్టరుకి టెలిగ్రాం కొడితే పాము విషం దిగిపోతుందని నమ్మేవారట. నవ్వకండి. ఇప్పటికీ సెల్‌ఫోన్లో మంత్రం వేయించుకుని వచ్చేవాళ్ళను నేను చూశాను. విషం ఎక్కని కాట్లు కొన్ని ఉంటాయి కాబట్టి మంత్రానికి పేరొస్తూనే ఉంటుంది.

అన్నీ ప్రాణం మీదికొచ్చేవే కావు. రాత్రి పూట మీ షాపుకొచ్చే వాటిలో ఎక్కువ పసిపిల్లల జ్వరాలు, విరేచనాలు. పారాసిటమాల్ సిరప్ ఐదు మిల్లీలీటర్లలో 125 మిల్లీగ్రాములున్నదీ ఉంది, 250 ఉన్నదీ ఉంది. చుక్కల మందైతే ఒక్క మిల్లీలీటర్లోనే 100. పెట్టె రంగు మాత్రం దాదాపు ఒకటే. బిడ్డ బరువెంతో అడక్కుండా సీసా చేతికివ్వకండి. ఓఆర్‌ఎస్ సంగతైతే మరీను. ఒక తల్లి పెద్ద పొట్లంలోంచి చిటికెడు చిటికెడు తీసి గ్లాసు నీళ్ళలో వేస్తుంటే చూశాను, అయిపోతుందని పొదుపు. లీటరు పొట్లం లీటరు నీళ్ళలోనే కలపాలని, మిగిలింది మర్నాటికి పారబొయ్యాలని ఆమెకెవరూ చెప్పలేదు. ఇంకో తల్లి పైనున్న పేరు చూసి ఓఆర్‌ఎస్ అనుకుని పండ్లరసం డబ్బా కొనుక్కెళ్ళింది. అందులోని చక్కెరకి విరేచనాలు ఇంకా ఎక్కువవుతాయి. హైదరాబాదులో పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారు ఈ పేరు మోసం మీద ఏళ్ళ తరబడి పోట్లాడారు. 2025 అక్టోబరులో గానీ అలాంటి పానీయాల మీద ఆ మూడక్షరాలు వాడకూడదని కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఉత్తర్వులివ్వలేదు.

ఇదంతా చెప్పడం తేలికే. మీకు జీతమిచ్చే ఓనరు గల్లాపెట్టె వైపు చూస్తుంటాడు. బిళ్ల ఇవ్వకపోతే కస్టమరు పక్క షాపుకి పోతాడు. పోతూ పోతూ మిమ్మల్ని నాలుగు మాటలు అనే పోతాడు.

మా దగ్గర చదువుకున్న కుర్రాడొకడు వేమూరు వైపు షాపు పెట్టుకున్నాడు. ఓ రాత్రి షట్టర్ దించబోతుంటే ఓ పెద్దాయన ఛాతీ రుద్దుకుంటూ వచ్చి గ్యాస్ బిళ్ల అడిగాడు. వీడు ఇవ్వలేదు. స్టూలు మీద కూర్చోబెట్టి, 108కి ఫోన్ చేసి, వాళ్ళు సరేనన్నాక ఆస్పిరిన్ నమిలించి, బండి వచ్చేదాకా పక్కనే కూర్చున్నాడు. ఆ పెద్దాయన గుంటూరులో స్టెంట్ వేయించుకుని వచ్చి నిక్షేపంలా తిరుగుతున్నాడు. మొన్న సంక్రాంతికి ఆ ఊరెళ్ళినప్పుడు నాకూ కనిపించాడు. "మీ శిష్యుడు మంచోడే గానీ డాక్టరు గారూ, ఆ రోజు నా పది రూపాయలు నా చేతిలోనే ఉన్నాయండీ. ఒక్క గ్యాస్ బిళ్ల అడిగితే ఇవ్వలేదు చూడండి" అన్నాడు.