తునికాకు కట్టయు వాణిజ్య పట్టభద్రుడును



ప్రాణహిత గోదావరిలో గలియు చోట, ఆవలి గట్టున కాళేశ్వర ముక్తీశ్వరుడు కొలువై యుండగా, ప్రభుత్వభాష మరాఠీయు, ఇంటిభాష తెలుగును, అడవిపల్లెల భాష గోండీయునై యొప్పుచున్న యీ సిరొంచ సీమలో, విపణన విద్య పట్టభద్రుల యుద్యోగమున కెట్లు తోడ్పడునో చెప్పవలసినదని వాణిజ్య విద్యార్థులైన మీరు నన్ను కోరినప్పుడు, పాఠ్యగ్రంథమునుండి గాక, బీడీలు చుట్టు తునికాకు కట్టనుండియే ప్రారంభింపవలెనని నాకు తోచినది.

వేసవిలో తెల్లవారకమునుపే అడవికేగి కోసికొని వచ్చిన యాకును, ఇంటిల్లిపాదియు నీడపట్టున కూర్చుండి, చినిగినదానిని తీసివైచి, తక్కినదానిని ఒద్దికగా పేర్చి, నారతో బిగించి, మాపటివేళకు కల్లమునకు జేర్చుదురు. కల్లేదారు లెక్క చూచుకొని వరుసలుగా ఎండకు పరపించును. తెలంగాణమున కట్టకు 50 ఆకులు. మన మహారాష్ట్రమున 70. రెండుచోట్లను వేయి కట్టలు చేరి యొక ప్రామాణిక బస్తా యగును. అనగా ఆ యొడ్డు బస్తాలో 50,000 ఆకులును, ఈ యొడ్డు బస్తాలో 70,000 ఆకులును ఉండును. రెండు గట్ల బస్తా ధరలను పక్కపక్కన వ్రాసికొని పోల్చువాడు ఎంత చదివినవాడైనను మోసపోవును. ధర నడుగుటకు ముందు కొలత నడుగవలెను. విపణన విద్యలో నిది మొదటి పాఠమని నా దృఢవిశ్వాసము.

వస్తువు, ధర, స్థలము, ప్రచారము అను నాలుగింటిని అమెరికా ఆచార్యుడు జెరోమ్ మెకార్తీ 1960లో తన గ్రంథమున నిర్దేశించెను. మన విద్యార్థులు వీనిని పరీక్షలో చక్కగా వ్రాయుదురు. ఉదాహరణ మడిగినచో సబ్బును, పళ్లపొడిని, సెల్‌ఫోనును చెప్పుదురుగాని, తమ యూరి కల్లమును చెప్పరు. నాకిది మిక్కిలి బాధాకరము; ఏలయన అమ్మకపు పని యిప్పుడు మన యూళ్లకే వచ్చినది. 2006 నాటి అటవీ హక్కుల చట్టము పిమ్మట, ఈ గడచిరోలి జిల్లాలోని మేంఢా లేఖా గ్రామసభ 2011లో తన వెదురును తానే యమ్ముకొనెను; 2013 మొదలు కొన్ని గ్రామసభలు తునికాకును సైతము తామే వేలము వేయసాగినవి. టెండరు ప్రకటన ఏ పత్రికలో, ఏ భాషలో, ఎన్ని దినములు ముందుగా పడవలెనో ఎరిగినవారు లేనిచోట ఒక్క వ్యాపారియే వచ్చును. ఒక్కడే వచ్చినచోట అతడు చెప్పినదే ధర. ఆ ప్రకటనను మరాఠీతోపాటు తెలుగునను వ్రాసి నిజామాబాదు, కరీంనగరము వ్యాపారులకు అందజేయుట, ధరావతు వసూలు చేయుట, రవాణా అనుమతి పత్రములను సరిచూచుట, కూలి లెక్కలు వ్రాయుట: ఇవన్నియు పట్టభద్రుని పనులే గదా!

స్థలమను మాటకు ఈ నదియే వ్యాఖ్యానము. బేరారు ప్రాంతపు ప్రత్తిని గోదావరి మీదుగా సముద్రతీరమునకు దింపవలెనని ఆంగ్లేయులు పడవల రాకపోకలకై పందొమ్మిదవ శతాబ్దమున పనులు మొదలిడిరి. సిరొంచ యప్పుడు ఎగువ గోదావరి జిల్లాకు ముఖ్యపట్టణము. ఇంతలో 1867లో నాగపురమునకు రైలు వచ్చి, ప్రత్తి బొంబాయి దారి పట్టెను. 1871లో నదిపనులు నిలిచిపోయినవి. 1874లో జిల్లాయే రద్దయ్యెను. సరకు ఏ దారిని పోవునో కనిపెట్టలేనివారికి రాళ్లు, సున్నము, ధనము ఎంత యున్నను ఫలము లేకపోయెను.

ఇక కొనువానిని గూర్చి. మన యాకు షోలాపురమునకు పోయినచో అక్కడ బీడీలు చుట్టు స్త్రీలలో మన తెలుగు పద్మశాలీలు పెక్కురు. 2017లో ఆకుపై 18 శాతము, బీడీపై 28 శాతము జీఎస్టీ పడినది. 2025లో ఆకుపై పన్ను 5 శాతమునకు తగ్గినది; బీడీపై దానిని 18 శాతమునకు తగ్గింపవలెనని అదే యేట నిర్ణయించిరి. ఢిల్లీలో మారిన యంకె కల్లములో ధరను కదల్పగలదని తెలిసినవాడు, వేలమునాడు తొందరపడడు. అయినను బీడీ ఆరోగ్యమునకు హానికరము, దాని గిరాకి యెల్లకాలము నిలువదు. ఈ మాట మన యూళ్లలో చెప్పుట కష్టమైనను చెప్పక తప్పదు. తన సరకునే చూచుకొనుచు కొనువాని యవసరమును చూడని పరిశ్రమ క్షీణించునని విపణన పండితుడు థియొడోర్ లెవిట్టు 1960లోనే వాదించెను. కావున ఇప్పపూవును, చింతపండును, మిరపను శుభ్రపరచి, తరగతులుగా విభజించి, వరంగల్లు ఎనుమాముల విపణికి పంపుట లాభమో నాగపురమునకు పంపుట లాభమో కిరాయితో సహా లెక్కగట్టగల యువకులు మనకు కావలెను.

2011లో గోండ్వానా విశ్వవిద్యాలయము నెలకొన్నది మొదలు పట్టాలకు కొదువ లేదు. మీరు ఉద్యోగమునకై పంపు దరఖాస్తులలో తెలుగు, మరాఠీ, గోండీ, హిందీ యని చిట్టచివరి పంక్తిలో, ఏదో మొగమాటముతో వ్రాయుచున్నారు. దానిని మొదటి పంక్తిలో వ్రాయుడు. రెండు రాష్ట్రముల వ్యాపారులతో వారివారి భాషలో బేరమాడగల పట్టభద్రుడు హైదరాబాదునందును పుణెయందును సులభముగా దొరకడు.

నా విన్నపమొక్కటి. ఈ సెలవులలో మీ గ్రామసభ కార్యదర్శి నడిగి, నిరుటి తునికాకు ధరను తీసికొని, దానిని బస్తాకు గాక వేయి యాకులకు ఎంతయో లెక్కగట్టుడు. ఆవలి గట్టు ధరను సైతము అట్లే లెక్కగట్టి, ఆ కాగితమును వచ్చు వేలమునకు ముందు సభలో చదివి వినిపింపుడు.