వల తెగిన చోటు

వెలుగును రేడియో తరంగములును "ఈథర్" అను కంటికి కానరాని పదార్థము గుండా పయనించునని ఒకప్పటి శాస్త్రజ్ఞులు నమ్మిరి. 1887లో మైకెల్సన్, మోర్లీ అను వారు చేసిన ప్రయోగము ఆ నమ్మకమును కదలించినది. పదార్థము పోయినను పేరు నిలిచినది. 1973 మే నెలలో అమెరికాలోని జిరాక్స్ పరిశోధనాలయమున రాబర్ట్ మెట్‌కాఫ్ కంప్యూటర్లను ఒక తీగతో కలుపు పద్ధతిని ఊహించి, దానికి ఈథర్నెట్ అని పేరు పెట్టెను. డేవిడ్ బాగ్స్ తోడుగా దానిని నిర్మించెను. నేడు కార్యాలయములలో కంప్యూటర్లను కలుపుచున్న వల ఆ సంతతిదే.

రేడియోవారికి ఈ వలతో పని యేమని శ్రోతలు అడుగవచ్చును. మునుపు మా ప్రసంగములు టేపుచుట్టలమీద ఉండెడివి. టేపు తెగినచో బ్లేడుతో కోసి అతికించెడివారము. తెగిన చోటు కంటికి కనబడెడిది. ఇప్పుడు ప్రసంగము సర్వరులో ఫైలుగా ఉండి, తీగ వెంట స్టూడియోకు వచ్చుచున్నది. ఆ దారిలో చిక్కుపడినచో మీకు వినవచ్చునది నిశ్శబ్దమే. తెగిన చోటును వెదకిపట్టుట మాకు అందువలన ముఖ్యము.

వల చెడినదని కబురు రాగానే మొదట అడుగవలసినది: ఒక్కరికా, అందరికా? ఒక్క బల్ల వద్దనే చెడినచో దోషము ఆ బల్లకు చేరువనే యుండును. గదికంతటికి చెడినచో ఆ గది స్విచ్చిని అనుమానింపవలెను. కొందరు ఈ ప్రశ్న అడుగకయే కంప్యూటరును ఆర్పి వెలిగింతురు. అది కొన్నిమార్లు ఫలించును. కాని కారణము దాగియుండి మరునాడు మరల పలుకరించును.

తరువాత తీగను పట్టుకొని పోవలెను. తీగ గుచ్చిన చోట చిన్న దీపముండును. అది వెలుగకున్నచో సాఫ్ట్‌వేరును తడవి ప్రయోజనము లేదు. కేబులును మార్చి చూడవలెను. వెలిగినంత మాత్రమున అంతయు క్షేమమనియు కాదు. కేబులులో ఎనిమిది తీగలు నాలుగు జంటలుగా మెలివేయబడి యుండును. సెకనుకు 100 మెగాబిట్ల వేగమునకు రెండు జంటలు చాలును. 1000 మెగాబిట్లకు నాలుగును కావలెను. కుర్చీచక్రము క్రింద నలిగియో, ఎలుక కొరికియో మిగిలిన రెండింటిలో ఒకటి తెగినచో, పలు పరికరములు చడిచప్పుడు లేక 100కు దిగిపోవును. దీపము వెలుగుచునే యుండును, పని నడచుచునే యుండును. పెద్ద ఫైలు మాత్రము ఎంతకును రాదు. పూర్తిగా చచ్చిన తీగ కంటె ఈ సగము బ్రదికిన తీగయే మనలను ఎక్కువ మోసగించునని మా అభిప్రాయము.

తీగ మంచిదని తేలిన పిమ్మట "పింగ్" పంపవలెను. 1983లో మైక్ మూస్ వ్రాసిన ఈ చిన్న సాధనము అవతలి యంత్రమును పలుకరించి, బదులు ఎంతసేపటికి వచ్చెనో చెప్పును. కంప్యూటరు చిరునామా 169.254తో మొదలైనచో, చిరునామాలు పంచు యంత్రము దానికి అందలేదని గ్రహింపవలెను. సంఖ్యతో పిలిచిన పలికి, పేరుతో పిలిచిన పలుకనిచో లోపము పేర్ల పట్టికను చూచు సర్వరు వద్ద కలదు.

అన్నిటికంటె వింతయైన జబ్బు వలయము. బల్ల క్రింద వ్రేలాడు కేబులు కొసను చూచి, చక్కగా ఉండునని ఎవరో దానిని గోడలోని రంధ్రమున గుచ్చుదురు. రెండు కొసలును ఒకే స్విచ్చికి చేరును. "అందరికి" అని పంపిన సందేశము ఆ చుట్టులో తిరుగుచునే యుండును. ఇన్ని తిరుగుళ్ల తరువాత నశింపవలెనను నియమము ఈథర్నెట్ సందేశమునకు లేదు. క్షణములలో వలంతయు నిండిపోవును. స్విచ్చి దీపములన్నియు ఒక్కసారిగా పిచ్చిగా మినుకుమినుకుమనుట దీని గుర్తు. తీగలు ఒక్కొక్కటిగా ఊడదీయుచు, దీపములు ఎప్పుడు శాంతించునో చూడవలెను. అదనపు దారులను స్విచ్చిలే తమలో తాము మూసికొను ఉపాయమును 1985లో రేడియా పెర్ల్‌మన్ అను విదుషీమణి కనిపెట్టెను. చౌక స్విచ్చిలలో అది ఉండకపోవచ్చును. ఉన్నను దానికొక హద్దు కలదు. 2002 నవంబరులో బోస్టన్ నగరమందలి బెత్ ఇజ్రాయెల్ డీకనెస్ వైద్యశాలలో వల దాదాపు నాలుగు దినములు చెడియుండెను. ఏండ్ల తరబడి స్విచ్చి వెనుక స్విచ్చి తగిలించుచు పోగా వల ఆ హద్దును దాటెను. వైద్యులు మరల కాగితములను ఆశ్రయించిరి.

కావున ప్రతి తీగకు రెండు కొసలయందును ఒకే సంఖ్య వ్రాసి, వల పటమును గోడకు తగిలింపవలెను. మార్పు చేసిన దినమే పటమును దిద్దవలెను. మరమ్మతు వేళ ఒక మార్పు, ఒక పరీక్ష. రెండు మార్పులు కలిపి చేసినచో ఏది నయము చేసినదో తెలియదు. స్విచ్చి అమరికల నకలు, అదనముగా ఒక స్విచ్చి బీరువాలో నుండవలెను. రెండు భవనముల నడుమ రాగి కేబులు వలదు. దాపున పిడుగు పడినచో విద్యుత్తు దాని వెంట వచ్చి ఇరువైపుల స్విచ్చిలను కాల్చవచ్చును. గాజు నూలువంటి ఫైబరులో విద్యుత్తు పారదు. తొలకరి ఉరుములకు ముందే ఆ మార్పు చేయించుకొనుట మేలు.