ఐరోపా కట్టడాలు – ఒక గుమాస్తా తీసిన ఫొటోలు

(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



2025 మే, జూన్ నెలల్లో నేనూ మా ఆవిడా ఐరోపా వెళ్ళివచ్చిన సంగతి మీలో చాలామందికి తెలుసు. కార్యదర్శిగారు "నాలుగు మాటలు చెప్పండి" అన్నారు. నాలుగు మాటలతో సరిపెట్టడం గుమాస్తాకు చేతకాదని ఆయనకూ తెలుసు. అయితే ఏ రోజు ఏ ఊరు వెళ్ళాం, ఎక్కడ ఏం తిన్నాం అనే దినచర్య చదివి మిమ్మల్ని విసిగించను. చూసిన కట్టడాల గురించీ, వాటిని ఫొటో తీయడం గురించీ మాత్రమే మాట్లాడతాను.

ముందు డబ్బు సంగతి చెప్పేస్తాను. ఎటూ సభ అయ్యాక అందరూ అడిగేది అదే. 2008లో 58వ ఏట రిటైరయినప్పుడు అందరిలాగే నేనూ పెన్షన్‌లో 40 శాతం కమ్యూట్ చేశాను. ఆ సొమ్ము ఆడపిల్ల పెళ్ళికి సరిపోయింది. పదిహేనేళ్ళు నిండి 2023లో ఆ భాగం తిరిగి పెన్షన్‌లో కలిసింది. కలిసిన మొత్తాన్ని ఇంటిఖర్చులో పడనీయకుండా రెండేళ్ళు విడిగా బ్యాంకులో వేశాం. విమానం టిక్కెట్లు, రైలు టిక్కెట్లు దానితోనే. బస, భోజనం మా చిన్నమ్మాయి ఇంట్లో. మా అల్లుడుగారు జర్మనీలోని డ్రెస్డెన్ నగరంలో కంప్యూటర్ చిప్పులు చేసే కర్మాగారంలో ఇంజనీరు. షెంజెన్ వీసా ఒక్కటి తీసుకుంటే జర్మనీ, ఫ్రాన్స్, చెక్ దేశాలన్నీ తిరగవచ్చు. 180 రోజుల్లో 90 రోజులకు మించి ఉండకూడదు. 30,000 యూరోలకు తగ్గని వైద్య బీమా తప్పనిసరి. మన వయస్సుకు ప్రీమియం కాస్త ఘాటుగానే ఉంటుంది. అయినా మా ఆవిడ మోకాళ్ళు ఇంకో రెండేళ్ళు ఇలా ఉండవని డాక్టరుగారు చెప్పేసరికి ఇక ఆలోచించలేదు.

ఇక అసలు విషయం. డ్రెస్డెన్ నడిబొడ్డున మేరీమాత పేరిట ఒక పెద్ద చర్చి ఉంది. జర్మన్ భాషలో ఫ్రావెన్‌కిర్షె అంటారు. గేయోర్గ్ బేర్ అనే శిల్పి ప్లాను మీద 1726లో మొదలై 1743కి పూర్తయింది. 91 మీటర్ల ఎత్తు. గుమ్మటం మొత్తం రాయే, గంటను బోర్లించినట్టు ఉంటుంది. దగ్గరకు వెళ్ళి చూస్తే గోడలంతా తెల్లటి లేత పసుపు రాయి, మధ్యమధ్య అక్కడొకటి ఇక్కడొకటి నల్లటి రాళ్ళు, చదరంగం బల్ల మీద పావులు చెదిరినట్టు. మా ఆవిడ చూసి "ఇదేమిటండీ, మాసికలు వేసినట్టుంది" అన్నది. నిజంగా మాసికలే. 1945 ఫిబ్రవరి 13 రాత్రి నుంచి ఆ ఊరి మీద బాంబులు కురిశాయి. ఊరంతా మంటలు. రెండు రోజుల తరువాత, 15వ తేదీ ఉదయం, కాలిన స్తంభాలు మోయలేక గుమ్మటం కూలిపోయింది. తూర్పు జర్మనీ రోజుల్లో దశాబ్దాలపాటు అది రాళ్ళ గుట్టగానే ఉండిపోయింది. 1994లో తిరిగి కట్టడం ప్రారంభించి 2005 అక్టోబరు 30న ప్రతిష్ఠ చేశారు. దాదాపు 18 కోట్ల యూరోల ఖర్చులో 10 కోట్లకు పైగా చందాలే. గుట్టలోంచి తీసిన రాళ్ళలో పనికివచ్చే ప్రతి రాయినీ వాడారు. అది ఇసుకరాయి, ఏళ్ళు గడిచేకొద్దీ నల్లబడుతుంది. అందుచేత నల్లవి పాతవి, తెల్లవి కొత్తవి. వందేళ్ళకు అన్నీ ఒకే రంగు అవుతాయట.

నన్ను అక్కడ నిలబెట్టింది వేరే విషయం. చర్చి ప్రవేశద్వారాల ఓక్ తలుపుల మీద చెక్కడపు పని ఎలా ఉండేదో సరైన వివరాలు దొరకలేదు. పూర్వం ఆ చర్చిలో పెళ్ళి చేసుకున్నవాళ్ళు తలుపుల ముందు నిలబడి ఫొటోలు తీయించుకునేవారు. ఆ పాత ఫొటోలు సేకరించి, వధూవరుల వెనక కనిపించిన తలుపుల్ని చూసి వడ్రంగులు కొత్త తలుపులు చెక్కారు. ఫొటో తీసినవాడికి తలుపు సంగతి పట్టి ఉండదు. పెళ్ళికూతురి ముసుగు సర్దడంలో ఉండి ఉంటాడు.

నేను రెవెన్యూ శాఖలో పదేళ్ళు రికార్డు రూము చూసినవాణ్ణి. ఏ కాగితం ఎప్పుడు ఎవరికి పనికివస్తుందో రాసినవాడికి తెలియదు. అందుకే మన ఫైళ్ళకు ఆర్.డిస్. అనీ, ఎల్.డిస్. అనీ వేరువేరు ముద్రలు. ఆర్.డిస్. శాశ్వతంగా ఉంచేవి. ఎల్.డిస్. కొద్దికాలం ఉంచి తగలబెట్టేవి. ఇప్పుడు అందరి చేతుల్లోనూ సెల్‌ఫోన్లే. పది రోజుల్లో ఎనిమిది దేశాలు చూపించే గ్రూపు టూర్లలో బస్సు దిగి ఇరవై నిమిషాల్లో వంద ఫొటోలు తీసి ఎక్కుతారు. అందులో తొంభై ఎల్.డిస్. అని నా అభిప్రాయం. వెనక ఉన్నది ఏ ఊరి కట్టడమో మూడు నెలల తరువాత తీసినవారికే గుర్తుండదు. ఒక కట్టడానికి ఆర్.డిస్. కింద నాలుగైదు ఫొటోలు చాలు: దూరం నుంచి మొత్తం, పక్క నుంచి ఒకటి, వెనక నుంచి ఒకటి, దగ్గరగా ఏదైనా చెక్కడం, గుమ్మం పక్కన మనిషి నిలబడినది ఒకటి. మనిషి ఉంటేనే గుమ్మం ఎంత ఎత్తో తెలుస్తుంది. నా ఫొటోల్లో ఆ మనిషి ఎప్పుడూ మా ఆవిడే. "నన్ను కొలబద్దను చేశారు" అని ఆమె ఫిర్యాదు.

కొలోన్ నగరపు పెద్ద చర్చి కథ వింటే మన రికార్డు రూము సోదరులు మరీ సంతోషిస్తారు. 157 మీటర్ల జంట శిఖరాలు. రైల్వే స్టేషను గుమ్మం దాటగానే ఆకాశానికి అడ్డంగా కనిపిస్తాయి. 1248లో పునాది వేశారు. 16వ శతాబ్దంలో డబ్బు చాలక పని ఆగింది. దాదాపు 300 ఏళ్ళు మొండి గోపురంతో అలాగే ఉంది. ముఖభాగానికి మధ్యయుగంలో తోలుకాగితం మీద గీసిన నాలుగు మీటర్ల పైచిలుకు ప్లాను ఉండేది. ఫ్రెంచి సైన్యం వచ్చిన గందరగోళంలో అది మాయమైంది. 1814లో ఒక సగం డార్మ్‌స్టాట్ అనే ఊళ్ళో దొరికింది. 1816లో రెండో సగం పారిస్‌లో దొరికింది. ఆ ప్లాను ఆధారంగానే 1842లో పని తిరిగి మొదలుపెట్టి 1880లో పూర్తిచేశారు. 632 ఏళ్ళు పెండింగులో ఉన్న ఫైలు!

ఆ చర్చి ఎదురుగా నిలబడి ఫోను ఎంత పైకెత్తినా శిఖరం పట్టదు. ఫోనును వెనక్కి వంచితే గోడలు రెండూ పైకిపోయేకొద్దీ దగ్గరపడి కట్టడం వెల్లకిలా పడిపోతున్నట్టు వస్తుంది. ఫోను నిటారుగానే పట్టుకుని, కాళ్ళతో వెనక్కి నడవాలి. మేము రైన్ నది మీది రైలు వంతెన పక్కన నడకదారిలో అవతలి ఒడ్డుకు వెళ్ళాం. అక్కడి నుంచి చర్చి, వంతెన, నది మూడూ ఒకే ఫొటోలో వచ్చాయి. ఆమెకు వంతెన మధ్యలో కాసేపు ఆగవలసివచ్చింది, అంతే.

ఎండ సంగతి చెప్పాలి. మన గుళ్ళు ఎక్కువగా తూర్పు ముఖం. పొద్దున్నే వెళితే గాలిగోపురం మీద ఎండ పడి కళకళలాడుతుంది. వాళ్ళ పాత చర్చిల్లో పీఠం తూర్పున, వాకిలి పడమర. కనుక పొద్దున్న ముఖభాగమంతా నీడలో ఉంటుంది, వెనక నుంచి సూర్యుడు కళ్ళలో కొడతాడు. ముందువైపు ఫొటో కావాలంటే మధ్యాహ్నం తరువాతే వెళ్ళాలి. జూన్ నెలలో డ్రెస్డెన్‌లో రాత్రి తొమ్మిది దాటాకగాని సూర్యుడు అస్తమించడు. ఏడున్నర, ఎనిమిది గంటల ఎండలో రాళ్ళు బంగారు రంగుకు వస్తాయి. పెందరాళే భోంచేసి వెళ్ళవచ్చు. రోములో సెయింట్ పీటర్స్ చర్చికి మాత్రం వాకిలి తూర్పున ఉంది. మేము రోము వెళ్ళలేదు. వెళ్ళేవారు అక్కడికి పొద్దున్నే వెళ్ళండి.

ప్రాగ్ నగరంలో ఒక్క పూట ఉన్నాం. చార్లెస్ వంతెనకు 1357లో శంకుస్థాపన జరిగింది. పొడవు 516 మీటర్లు. దాని మీద 30 విగ్రహాల వరుసలు ఉన్నాయి. చాలావరకు నకళ్ళే. అసలువి వాన దెబ్బకు పాడవుతున్నాయని మ్యూజియంలో భద్రపరిచారు. తెల్లవారుజామున వెళ్ళకపోతే వంతెన కనపడదు, తలకాయలే కనపడతాయి.

ప్రకృతి దృశ్యాలలో నా మనసు దోచినది డ్రెస్డెన్‌కు దగ్గరలోని బస్టై. ఎల్బ్ నదికి 194 మీటర్ల ఎత్తున ఇసుకరాతి స్తంభాలు వేళ్ళలా నిలబడి ఉంటాయి. వాటి మధ్య 1851లో కట్టిన రాతి వంతెన ఉంది. పైన కార్లు ఆగేచోటి నుంచి దారి దాదాపు సమతలంగానే ఉంది కాబట్టి మోకాళ్ళ నొప్పులవాళ్ళు కూడా వెళ్ళవచ్చు. కింది నుంచి ఎక్కాలనుకోవద్దు. హెర్మన్ క్రోనె అనే ఛాయాగ్రాహకుడు 1853లో ఆ కాలపు బరువైన కెమెరా సామాను మోసుకొచ్చి ఇక్కడ ఫొటోలు తీశాడు. జర్మనీలో ప్రకృతి దృశ్యాల ఛాయాగ్రహణానికి అదే తొలి అడుగుగా చెబుతారు. ఆయన స్మారక ఫలకం ఆ వంతెన దగ్గరే ఉంది. జేబులోంచి సెల్‌ఫోను తీసి దాని ముందు పట్టుకోవడానికి కాస్త మొహమాటం వేసింది.

చివరగా పారిస్. నోత్రదామ్ చర్చికి 1163లో పునాది వేశారు. 2019 ఏప్రిల్ 15 సాయంత్రం కప్పు తగలబడి, 19వ శతాబ్దంలో వియొలె-ల-ద్యూక్ కట్టించిన సూది శిఖరం కూలిపోవడం మీరంతా టీవీలో చూసే ఉంటారు. 2024 డిసెంబరులో తిరిగి తెరిచారు. దాదాపు 2,000 ఓక్ చెట్ల కలపతో కప్పు, శిఖరం మళ్ళీ పూర్వపు తీరులోనే కట్టారు. నదికి దక్షిణపు ఒడ్డున నిలబడితే గోడలకు బయట నుంచి దన్నుగా పెట్టిన రాతి కమానులు వరుసగా కనిపిస్తాయి. కప్పు బరువు తోసే తోపుడును అవి భుజం పెట్టి ఆపుతాయి. అందుకే గోడల్లో అంత పెద్ద రంగుటద్దాల కిటికీలు పెట్టగలిగారు. ముందు నుంచి ఎన్ని ఫొటోలు తీసినా ఈ సంగతి బోధపడదు. అమెరికాలో కళాచరిత్ర బోధించిన ఆండ్రూ టాలన్ అనే ఆచార్యుడు అగ్నిప్రమాదానికి చాలా ఏళ్ళ ముందే లేజరు యంత్రంతో ఆ చర్చిని వంద కోట్లకు పైగా బిందువులుగా కొలిచి ఉంచాడు. పునర్నిర్మాణంలో ఆ కొలతలు అక్కరకు వచ్చాయి. ఆయన మాత్రం 2018లోనే కన్నుమూశాడు.

అక్కడి రాతి బెంచీ మీద కూర్చుని ఉండగా నాకు మా పాత తాలూకా కచేరీ జ్ఞాపకం వచ్చింది. 1972లో ఎల్.డి.సి.గా నేను చేరింది అక్కడే. సున్నపు గోడలు, మద్రాసు టెర్రస్ కప్పు, ముందు పొడవాటి వరండా. 2011లో పడగొట్టారు. ప్లాను ఏ సెక్షనులోనూ లేదు. అక్కడ పనిచేసిన వాళ్ళం ఈ సభలోనే అయిదుగురం ఉన్నాం. వరండాకు ఆరు స్తంభాలా, ఎనిమిదా అని మాలో మాకే ఏకాభిప్రాయం లేదు. నేను ఎనిమిది అంటాను. ఉపాధ్యక్షులవారు ఆరు అంటారు.

ఇప్పుడు మనవి. మన రోజుల్లో ఎవరు బదిలీ అయినా, రిటైరయినా ఆఫీసు ముందు కుర్చీలు వేసి, దండలు వేసి గ్రూపు ఫొటో తీయించేవారు. అవి మీ ఇళ్ళలో గోడలకో, ట్రంకు పెట్టెల్లోనో ఉంటాయి. దయచేసి వెతకండి. వెనక కనిపించే వరండా, కిటికీ, బోర్డు ఏదైనా సరే పనికివస్తుంది. మనుషుల పేర్లు, సంవత్సరం వేరే కాగితం మీద రాసి జతపరచండి. ఫొటో మీద పెన్నుతో రాయవద్దు. కోశాధికారిగారి మనవడు స్కాను చేసి అసలు ప్రతి అప్పటికప్పుడే చేతికిస్తానన్నాడు. ఆదివారం పది గంటల నుంచి సంఘ కార్యాలయంలో ఉంటాను. నా ఐరోపా ఆల్బమ్ కూడా అక్కడే ఉంటుంది, చూడదలచినవారు చూడవచ్చు. 1990కి ముందు ఫొటోలు ఉన్నవారు మొదటి ఆదివారమే రండి.