చెన్నపట్టణపు పొలిమేరలు

చెన్నపట్టణమున జనులెందరని యెవరైన నన్నడిగినచో వెంటనే బదులు చెప్పజాలను. ఏ చెన్నపట్టణమని తిరిగి యడుగవలసియుండును. ఇది పండితుల వితండావాదము కాదు. 2011వ సంవత్సరపు జనాభా లెక్కలనుండియే ఈ యూరికి మూడు సంఖ్యలు తేలుచున్నవి. ఆ లెక్కలు తీయునాటి కార్పొరేషను హద్దులలో నున్నవారు సుమారు 46 లక్షలు. అదే సంవత్సరము అక్టోబరులో హద్దులు పెరిగినవి. పెరిగిన హద్దులలోనివారిని లెక్కించినచో సుమారు 67 లక్షలు. హద్దులతో నిమిత్తము లేక, ఒకదానినొకటి ఆనుకొని పెరిగిన పట్టణ ప్రదేశమునంతటిని చేర్చినచో 86 లక్షలకు పైబడును. శ్రోతలారా, మూడును సత్యములే. ఇందులకై ఒక్క మనుష్యుడును ఇల్లు కదలలేదు, గీత కదలినది. ఆ గీతను గూర్చియే నేటి నా ప్రసంగము.

తెలుగున పొలిమేర యను మాట చక్కనిది. పొలము, మేర అను రెండును కలిసి యది యేర్పడినది. ఒక యూరి పొలము ముగిసి వేరొక యూరి పొలము మొదలగు చోటది. అచ్చట ఒక రాయియో, వేపచెట్టో, వాగో, గ్రామదేవత గుడియో యుండును. పొలిమేర దాటినవానికి దాటితినని తెలియును. మహానగరపు హద్దు అట్టిది కాదు. అది ప్రభుత్వపు ఉత్తరువునందును, కచేరీ గోడమీది పటమునందును ఉండును గాని నేలమీద కనబడదు. అయినను కనబడని ఆ హద్దునకు లోపలివారికొక యేర్పాటు, వెలుపలివారికొక యేర్పాటు నడచును. కుళాయి నీరు, మురుగు కాలువ, వీధి దీపము, ఇంటిపన్ను, ఓటు వేయవలసిన వార్డు, ఇవి యన్నియు దానిని బట్టియే యుండును. కావున దీనిని తెలిసికొనుట కేవలము భూగోళపాఠము కాదు; సంసారులందరికిని అక్కరయైన విషయము.

నేను ఈ పట్టణమున తెలుగు పండితుడనై చిరకాలము బడిలో పాఠములు చెప్పి విశ్రాంతి గైకొన్నవాడను. వ్యాకరణము చెప్పినవానికి ఏ సమాసమును చూచినను విగ్రహవాక్యము చెప్పబుద్ధి పుట్టును. చెన్నపట్టణము నా కంటికొక దీర్ఘసమాసము. విడదీసినకొలది పల్లెలు బయటపడును. నుంగంబాక్కము, కోడంబాక్కము, పురశవాక్కములందలి పాక్కమనగా తమిళమున ఊరు, అందును సముద్రతీరపుటూరు. కుప్పమనగా చేపలు పట్టువారి పల్లె. సైదాపేట, చింతాద్రిపేటలందలి పేట మన పేటయే. అందు చింతాద్రిపేట 1734 ప్రాంతమున నేతపనివారిని కుదుర్చుటకై కట్టించిన యూరు. వేళచ్చేరిలోని చేరి జనులు చేరియున్న తావు. తిరువళ్లిక్కేణి యనగా కలువల కొలను. మైలాపూరునకు కపాలీశ్వరుడు, తిరువళ్లిక్కేణికి పార్థసారథి, తిరువొట్టియూరునకు త్యాగరాజస్వామి, తిరువాన్మియూరునకు మరుందీశ్వరుడు వేలుపులు. ఇట్లు ఒక్కొక్క యూరికి దాని దేవుడు, దాని కోనేరు, దాని మాడవీధులు నేటికిని గలవు. పట్టణము పుట్టుటకు సుమారు వేయియేండ్ల ముందే నాయనారులు కీర్తించిన క్షేత్రములు వీనిలో నున్నవి. పిల్ల వచ్చి తల్లులను తన యింట చేర్చుకొన్నట్లు, చిన్నదియగు పట్టణము పెద్దవియగు ఈ యూళ్లను తనలో చేర్చుకొన్నది.

ఈ చేరిక యెట్లు జరిగినదో చూతము. 1639లో ఈ తీరమును ఏలుచుండిన తెలుగు నాయకుడు దామర్ల వేంకటాద్రి ఇంగ్లీషు వర్తకుల కంపెనీకి ఇక్కడ కొంత యిసుకనేల నిచ్చెను. ఆతని తండ్రి చెన్నప్పనాయకుని పేరనే చెన్నపట్టణమను పేరు కలిగినదని ప్రసిద్ధి. ఆ నేలపై కోట లేచినది. కోటకు ఉత్తరమున వర్తకులు, అద్దకమువారు, నేతవారు, దుబాసీలు చేరి ఊరు కట్టుకొనిరి. 1676లో గోలకొండ ప్రభుత్వమునుండి తిరువళ్లిక్కేణి కంపెనీకి దక్కినది. 1693లో ఎళుంబూరు, పురశవాక్కము, తండయారుపేట దక్కినవి. 1708లో నుంగంబాక్కము, వ్యాసరపాడి, తిరువొట్టియూరు, కత్తివాక్కము, సాత్తాంగాడు అను అయిదు గ్రామములు వచ్చినవి. 1742లో వేపేరి, పెరంబూరు మొదలగునవియు, 1749లో శాంతోమును చేరినవి. ఇంతకుముందే, 1688లో, నగరసభ యేర్పడియుండెను.

ఆనాడు హద్దు కంటికి కనబడునదియే. 1746లో ఫ్రెంచివారు పట్టణమును పట్టుకొనిరి. 1749లో అది తిరిగి ఇంగ్లీషువారి వశమైనది. కోటను ఆనుకొనియున్న పాతయూరు శత్రువులకు చాటగుచున్నదని ఫ్రెంచివారు కొంతయు, పిదప ఇంగ్లీషువారు మిగిలినదియు పడగొట్టి మైదానము చేసిరి. ఊరు ఉత్తరమునకు జరిగినది. ఆ మైదానమున మరల ఇండ్లు లేవరాదని 1773లో హద్దుస్తంభములు నాటిరి. వానిలో నొకటి నేటికిని పారిస్ కార్నరు చెంత నిలిచియున్నది. కొత్తయూరికి గోడ కట్టి, దాని వ్యయమునకై జనులమీద పన్ను వేయదలచిరి. ఆ పన్ను వసూలు కాలేదు. గోడయు చాలవరకు పోయినది. వాల్‌టాక్సు రోడ్డను పేరు మాత్రము మిగిలినది. హద్దులకు ఆయువు తక్కువ, పేర్లకు ఎక్కువ.

అటుతరువాత హద్దు గోడమీదనుండి కాగితము మీదికి వచ్చినది. 1901లో పట్టణము 27 చదరపు మైళ్లు, అనగా సుమారు 70 చదరపు కిలోమీటర్లు. జనము 5 లక్షల 9 వేలు. 1946లో సైదాపేట, సెంబియము మొదలగునవి చేరగా సుమారు 129 చదరపు కిలోమీటర్లయినది. 1978లో వేళచ్చేరి, తిరువాన్మియూరు, కోయంబేడు, విల్లివాక్కము మొదలగునవి చేరి సుమారు 175 అయినది. 2011లో 9 పురపాలకసంఘములు, 8 పట్టణ పంచాయతీలు, 25 గ్రామ పంచాయతీలు, మొత్తము 42 స్థానికసంస్థలు ఒక్కమారుగా కలిసి 426 చదరపు కిలోమీటర్ల నగరము, 200 వార్డులు ఏర్పడినవి.

ఇందొక విశేషమును గమనింపుడు. తిరువొట్టియూరు, కత్తివాక్కము 1708లోనే కంపెనీ చేతికి వచ్చిన గ్రామములని చెప్పితిని గదా. ఆ రెండును నగరపు వార్డులైనది 2011లో! మున్నూటమూడేండ్లు అవి వాకిట నిలిచినవి. వానితో వచ్చిన నుంగంబాక్కమో, ఎన్నడో లోనికి వచ్చి నట్టింట కూర్చున్నది. హద్దు నీటివలె సమముగా వ్యాపింపదు; ఎక్కడ రైలు పోవునో, ఎక్కడ కర్మాగారము లేచునో, ఎక్కడ పన్ను రాబడి యుండునో అటు ప్రాకును. మరియొక విశేషము. 2011లో నగరసభలో చేరినను, అంబత్తూరువారు 2018 వరకు తిరువళ్లూరు జిల్లాలోనే యుండిరి. ఇంటిపన్ను చెన్నపట్టణమునకు, భూమి కాగితములు తిరువళ్లూరు జిల్లాకు! 2018లో చెన్నై జిల్లాను నగరసభతో సమానముగా పెంచిన పిమ్మటగాని ఈ చిక్కు విడలేదు.

ఇక నగరము వేరు, మహానగర ప్రాంతము వేరు. నగరసభ వీధులూడ్చును, దీపములు వెలిగించును. మహానగరాభివృద్ధి సంస్థ వీధులూడ్వదు. ఏ పొలము పొలముగా నుండవలెను, ఏది యిండ్ల స్థలము కావచ్చును, ఎక్కడ కర్మాగారము లేవవచ్చును అని నిర్ణయించును. ఆ సంస్థ అధికారము చిరకాలము 1,189 చదరపు కిలోమీటర్లమీద నడచినది. 2022లో ప్రభుత్వము దానిని 5,904 చదరపు కిలోమీటర్లకు పెంచినది. ఇంచుమించు అయిదింతలు! పడమట అరక్కోణము వరకు ఇందు చేరినది. ఈ ప్రాంతమున చెన్నపట్టణపు కార్పొరేషనే కాక, 2019లో ఏర్పడిన ఆవడి కార్పొరేషను, 2021లో ఏర్పడిన తాంబరము కార్పొరేషను, పురపాలకసంఘములు, వందలకొలది పల్లెలు గలవు.

అంకెలతో విసిగినవారు బస్సునిలయములను చూచినను చాలును. తెలుగుదేశమునుండి వచ్చు బస్సులు ఒకప్పుడు హైకోర్టు చెంతనే మనలను దింపెడివి. 2002లో నిలయము కోయంబేటికి పోయినది. 2018లో ఆంధ్రపు బస్సులకు మాధవరము విడిదియైనది. 2023 చివర దక్షిణపు బస్సులకు వండలూరు దాటి కిలాంబాక్కమున నిలయము తెరచిరి. అది కార్పొరేషను హద్దునకు వెలుపలనే యున్నది. ఊరి వాకిలి ఊరికంటె ముందే నడచుచున్నదన్నమాట.

పల్లె పట్టణమగుటవలన మేలు లేకపోలేదు. కుళాయి, ఆసుపత్రి, మురుగు కాలువ, మంచి బాట ఇవి వచ్చుననియే జనులు ఆశింతురు. కాని అవి వచ్చుటకు ఏండ్లు పట్టును. పెరిగిన పన్ను మాత్రము త్వరగా వచ్చును. పల్లెవారికై యేర్పడిన పనుల పథకము పట్టణమైనవెంటనే తొలగిపోవును. పంచాయతీ సర్పంచును రచ్చబండవద్దనే యడుగగల ముదుసలి, కార్పొరేషను కచేరీలో ఏ మెట్లెక్కవలెనో తెలియక తిరిగివచ్చును. ఇది చిన్న నష్టము కాదు. దీనికంటె పెద్ద నష్టమొకటి గలదు. అది చెరువు.

మనకు ఏరనగా పారునది. తమిళమున ఏరియనగా నిలుచునది, చెరువు. చెన్నపట్టణపు చుట్టుపట్ల నేల చదునైనది, వాన యెక్కువగా అక్టోబరు మొదలు డిసెంబరు వరకు కురియును. ఆ వానను ఆపి దాచుటకు పూర్వులు చెరువుకు దిగువ చెరువుగా గొలుసుకట్టుగ త్రవ్విరి. నుంగంబాక్కమునుండి సైదాపేట వైపు పొడవైన చెరువొకటి యుండెడిది. 1920 తరువాత దానిని ఎండబెట్టి త్యాగరాయనగరమును కట్టిరి. నగరసభకు అధ్యక్షుడైన తెలుగు ప్రముఖుడు పిట్టి త్యాగరాయ చెట్టి పేరది. నుంగంబాక్కపు చెరువు నేలమీద 1976లో వళ్లువర్ కోట్టము లేచినది. పడమటి మాంబలమున లేక్ వ్యూ రోడ్డున్నది. ఆ వీధిలో నిలిచి చూచినచో చెరువు కనబడదు. దక్షిణమున పళ్లికరణై చిత్తడినేల చెత్తకుప్పలకును కట్టడములకును చాలవరకు ఆహుతియై, మిగిలిన భాగము 2022లో రాంసర్ పట్టికకెక్కినది.

చెరువు పోయినను నీరు దారి మరువదు. 2015 డిసెంబరు 1వ తేదీన చెంబరంబాక్కపు చెరువునుండి సెకనుకు 29 వేల ఘనపుటడుగుల వరకు నీరు వదలవలసివచ్చినది. ఆ చెరువు కార్పొరేషను హద్దునకు వెలుపల నున్నది. మునిగినవారు హద్దు లోపలను వెలుపలను గలరు. అడయారు నది ఎవని వార్డును అడుగలేదు. నాలుగేండ్లకు, 2019 వేసవిలో, నగరమునకు నీరిచ్చు జలాశయము లెండినవి. జోలార్పేటనుండి రైలుబండిమీద, బండికి 25 లక్షల లీటర్ల చొప్పున, నీరు తేవలసివచ్చినది. వరదకును కరవునకును నగరపు హద్దు చాలలేదని ఈ రెండేండ్లును చాటుచున్నవి.

ఇక మన తెలుగువారి సంబంధము. 1953లో ఆంధ్రరాష్ట్ర మేర్పడినపుడు ఈ పట్టణము మనకు రాలేదు. పటాస్కరుగారి తీర్పుననుసరించి 1960లో తిరుత్తణి అటును, సత్యవేడు ఇటును పోయినవి. ఆ గీతలు గీచినవారి మనసున భాష యున్నది. నీటికి భాష లేదు. నగరి నది మన చిత్తూరు సీమనుండి పారి పూండి జలాశయమున చేరును. 1983 ఒడంబడిక ప్రకారము తెలుగుగంగ త్రవ్వబడినది. కృష్ణాజలము శ్రీశైలమున బయలుదేరి, వెలుగోడు, బ్రహ్మంగారి మఠము, సోమశిల, కండలేరు జలాశయములు దాటి, 1996లో పూండి చేరినది. కండలేరునుండి సరిహద్దునకు 152 కిలోమీటర్ల కాలువ మన నేలమీదనే పోవుచున్నది. చెన్నపట్టణపు ఇల్లాలు బిందె నింపుకొనునపుడు నెల్లూరి కాపు మడి ఆమెకు ఇరుగుపొరుగు. చెన్నపట్టణపు నిజమైన పొలిమేర శ్రీశైలమున నున్నదని నేననినచో అతిశయోక్తి కాదు.

కావున ఒక మహానగరమునకు మూడు హద్దులు గలవు. పన్ను వసూలు చేయునది ఒకటి, నేల వినియోగమును నిర్ణయించునది రెండు, నీరు వచ్చి పోవునది మూడు. మొదటి రెంటిని మనము గీయుదుము. మూడవది వానయు నేలవాలును గీచినది. మొదటి రెండును మూడవదానిని మరచినచోటనే ఊరు మునుగుచున్నది, ఊరు ఎండుచున్నది. 5,904 చదరపు కిలోమీటర్ల క్రొత్త హద్దులలో వేలకొలది చెరువులున్న చెంగల్పట్టు, కాంచీపుర సీమల పల్లెలు గలవు. ఇండ్ల స్థలములకు గుర్తులు పెట్టుటకు ముందు, ఆ చెరువుల గట్లను, అలుగులను, వాగులను పటమున గుర్తించి, అచ్చట ఇల్లు లేవదని శాసింపవలెను. తిరుపతి, నెల్లూరు, విజయవాడ, హైదరాబాదులలో నున్న శ్రోతలారా, మీ ఊళ్లును పెరుగుచున్నవి. మీ పొరుగుపల్లె మీ నగరములో చేరునని పత్రికలో చదివినపుడు, అచ్చటి స్థలమునకు గజము వెల యెంతయని యడుగుటకు ముందు, అచ్చటి చెరువు పేరేమి, దాని నీరెటు పోవునని యడుగుడు.