గోనెసంచిలోని బేస్ గిటారు

మీరు ఇంట్లో పనులు చేసుకుంటూ వింటున్నారో, బస్సులో పోతూ వింటున్నారో నాకు తెలియదు. ఎక్కడున్నా ఈ కొద్ది నిమిషాలు నాతో కూర్చోండి. ఈ ఉదయం ఒక పాత గిటారును బాగుచేసిన సంగతి మీతో చెప్పాలని వచ్చాను.

గిటారు అనగానే మీకు ఆరు తీగలది గుర్తుకొస్తుంది. నేను చెప్పేది నాలుగు తీగల బేస్ గిటారు. మన ఆరాధనల్లో అది మోగుతున్నంతసేపు దాని సంగతి ఎవరికీ పట్టదు. ఆగిపోయిందంటే మాత్రం వెనుక చాప మీద కూర్చున్న అవ్వకు కూడా పాటలో ఏదో తగ్గిందని తెలిసిపోతుంది. దాని లావు తీగ సెకనుకు సుమారు 41 సార్లు మాత్రమే కదులుతుంది. అంత తక్కువ శబ్దం చెవికంటే ముందు రొమ్ముకు తగులుతుంది. 1951లో అమెరికాలో లియో ఫెండర్ అనే ఆయన ప్రెసిషన్ బేస్ అనే గిటారును అమ్మకానికి తెచ్చాడు. అంతవరకు మనిషికంటే ఎత్తుగా నిలబడే పెద్ద వాయిద్యాన్ని మోసుకొని తిరిగినవారికి మెడలో వేసుకొనే సాధనం దొరికింది. మన ప్రాంతంలోని యౌవనస్థులు దాని రుచి ఇళయరాజా పాటల్లో తెలుసుకున్నారు. తమిళ పాటలు వినని ఇల్లు మా వైపు ఉంటుందా?

మాది వడమాలపేట. తిరుపతి నుండి పుత్తూరు మీదుగా చెన్నై పోయే రోడ్డు మీద ఉంటుంది. నేను బడిలో పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి, సంఘంలో పెద్దగా ఉన్నవాణ్ణి. రెండేండ్ల క్రిందట మా మందిరం పైకప్పు బాగుచేయించేటప్పుడు, చాపలు పెట్టే గదిలో అటక మీద ఒక గోనెసంచి దొరికింది. పిల్లలు కిందికి దించి విప్పారు. అందులో నల్ల గిటారు. "ఇది ఎవరిది సార్?" అని అడిగారు. నేను జవాబు చెప్పలేదు. నాకు తెలియక కాదు.

1998లో మా సంఘంలో ఒక యౌవనస్థుడు ఉండేవాడు. నా దగ్గరే చదువుకున్నాడు. కూలి డబ్బు కూడబెట్టి మద్రాసులో ఆ గిటారు కొనుక్కున్నాడు. అంచుల్లో నలుపు, మధ్యకు వచ్చేసరికి నిప్పులాంటి ఎరుపు. ఆదివారం మందిరంలో వాయించేవాడు, మిగతా రోజుల్లో నాలుగు రూపాయల కోసం పెండ్లిండ్లకు, తిరునాళ్లకు పోయే ఆర్కెస్ట్రాలో వాయించేవాడు. నాకది గిట్టలేదు. మొదట ఆ రంగు మందిరానికి తగదన్నాను. ఎదురు చెప్పకుండా, కిటికీలకు వేసే నల్ల ఎనామిల్ తెచ్చి బ్రష్షుతో పూసుకొచ్చాడు. అప్పటికైనా నేను ఊరుకున్నానా? ఒక ఆదివారం అందరి ముందు, రాత్రి తిరునాళ్లలో వాయించిన చేయి ఇక్కడ వాయించకూడదన్నాను. అతను గిటారును గోడకు ఆనించి బయటికి పోయాడు. ఆ సాయంత్రం దాన్ని గోనెసంచిలో వేయించింది నేనే.

సరే. గిటారును ఇంటికి తెచ్చుకున్నాను. నాకు వడ్రంగం కొంచెం తెలుసు, మా నాయన చేసేవాడు. మీ ఇంట్లో అటువంటిది ఏదైనా ఉంటే నేను చేసిన పొరపాట్లు మీరు చేయకండి.

మొదట తీగలు వదులు చేయాలి. నాలుగు తీగలు కలిసి ఆ మెడను దాదాపు 75 కిలోల బరువుతో లాగుతుంటాయి. ఇన్నేండ్లు ఆ లాగుడు మీదే వదిలేశాము కాబట్టి మెడ విల్లులా ముందుకు వంగింది, తలకట్టు దగ్గర చీలింది కూడా. మెడ లోపల ఒక ఇనుప కడ్డీ ఉంటుంది. దాని మర తిప్పితే వంపు సరి అవుతుంది. అయితే ఒక్కసారి పావు చుట్టుకంటే ఎక్కువ తిప్పకూడదు. తిప్పి ఒక రోజు ఆగాలి. కొయ్యకు తొందర తెలియదు. నేను మొదటి రోజే అర చుట్టు తిప్పాను, లోపల కిర్రుమంది. ప్రాణం పోయినంత పనైంది. దేవుని దయవలన ఏమీ కాలేదు.

అయితే చీలిక అతుక్కోకముందే కడ్డీని తిప్పడం బుద్ధితక్కువ పని అని తరువాత తెలిసింది. మీరైతే చీలిక సంగతి ముందు చూడండి. మాకు పుత్తూరు పక్కనే కదా, ఎముక విరిగితే కట్టు కట్టేవారి దగ్గరికి ఎక్కడెక్కడినుండో జనం వస్తారు. ఆకు పసరు, కోడిగుడ్డు, వెదురు బద్దలు. నేను ఆకుపసరుకు బదులు ఫెవికాల్ పెట్టాను. చీలికను కొంచెం తెరిచి, సన్నని అట్టముక్కతో జిగురు లోపలికి పోయేటట్లు తోసి, సైకిలు ట్యూబును పట్టీలుగా కోసి బిగించి చుట్టాను. రబ్బరు అన్ని వైపులా ఒకేలాగ నొక్కుతుంది. ఒక పగలు, ఒక రాత్రి ముట్టుకోలేదు. విప్పి చూస్తే గీత మాత్రమే మిగిలింది.

ఇక రంగు. అసలు కష్టం ఇక్కడుంది. మిషను పెట్టి మొత్తం కొయ్య వరకు గీకేసి కొత్త రంగు వేయడం సులభం. మా మనవడు అదే చెప్పాడు, "తాతా, తెల్లరంగు వేద్దాం" అన్నాడు. నాకు మనసొప్పలేదు. పైన ఉన్నది నేను వేయించిన నలుపు, దాని కింద ఉన్నది అతని ఎరుపు. పైది మాత్రమే తీయాలి.

ఫ్యాక్టరీలో వేసిన పాలియెస్టర్ పూత గాజులా గట్టిగా ఉంటుంది. దాని మీద పూసిన ఎనామిల్ మెత్తన. అందుచేత బ్లేడును దాదాపు నిలువుగా పట్టి, బరువు వేయకుండా గీకితే నలుపు పొట్టులా లేచివస్తుంది. ఆ తరువాత 600 నంబరు ఎమరీ కాగితాన్ని సబ్బు నీళ్లలో తడిపి రుద్దాలి. పొడిగా రుద్దకండి. పాత ఎనామిల్ రంగుల్లో సీసం ఉండేది. మన దేశంలో ఇంటి రంగుల్లో సీసం పదిలక్షల భాగాలలో 90 భాగాలు దాటకూడదన్న నియమం 2017 నవంబరు నుండే అమలులోకి వచ్చింది. ఆ దుమ్ము పసిపిల్లలకు విషం. మూతికి మాస్కు కట్టుకోండి, పిల్లల్ని దగ్గరికి రానీయకండి, రాలిన పొట్టును కాగితంలో పొట్లం కట్టి పారవేయండి.

రోజుకు అరచేయంత వెడల్పు చేశాను. మూడు వారాలు పట్టింది. మొదటి రోజు నలుపు కింద ఎరుపు కనబడినప్పుడు నేను బ్లేడు కింద పెట్టి లేచి పెరట్లోకి పోయాను. అంతకంటే ఎక్కువ చెప్పను.

అంచుల్లో రెండు మూడు చోట్ల పూత లేచిపోయి కొయ్య బయటపడింది. అక్కడ లక్క పాలిష్ వేశాను. మోదుగ, రేగు లాంటి చెట్ల మీద బతికే చిన్న పురుగు ఇచ్చేదే లక్క. దాన్ని స్పిరిట్‌లో కరిగించి, దూది పెట్టిన గుడ్డ ఉండతో పలుచగా, పూత మీద పూత వేయాలి. నేను నవంబరులో, ఈశాన్యపు వానల్లో మొదలుపెట్టాను. గాలిలో తడి పట్టి పూత పాలు పోసినట్లు తెల్లబడింది. అదంతా తుడిచేసి జనవరి ఎండ కోసం ఆగాను. మా వైపు వారికి చెప్పేది ఒక్కటే, అక్టోబరు నుండి డిసెంబరు వరకు పాలిష్ పని పెట్టుకోకండి.

వైర్ల పని టీవీలు బాగుచేసే కుర్రవాడు చేసిపెట్టాడు. తీగల కింద ఉండే పికప్‌లో వెంట్రుకంత సన్నని రాగితీగ వేల చుట్లు చుట్టి ఉంటుంది. అది తెగలేదని మీటరు పెట్టి చూశాడు. శబ్దం తగ్గించే గుండీలో తుప్పు, దాన్ని కడిగాడు. బ్రిడ్జికి పోయే ఎర్త్ వైరు ఊడిపోయింది, టంకం పెట్టాడు. అది ఊడితే హమ్‌మని ఒకటే రొద వస్తుంది, తీగల మీద చేయి పెట్టినా తగ్గదు. తీగలు మాత్రం కొత్తవే కొన్నాను.

గిటారు సిద్ధమైందని తెలిసి మా యౌవనస్థులు ఈస్టరుకు మందిరంలో వాయిస్తామన్నారు. "అది మనది కాదు నాయనా" అన్నాను. మత్తయి సువార్త అయిదవ అధ్యాయంలో బలిపీఠం దగ్గర అర్పణ విడిచిపెట్టి పొమ్మన్న మాటను నేను ఎన్ని ఆదివారాలు బోధించానో లెక్కలేదు. ఎవరిమీద నాకు కోపముందో వెదుక్కోవడానికే దాన్ని వాడుకున్నాను. నామీద ఎవరికి నొప్పి ఉందో చూసుకోవాలన్నది ఆ వాక్యం. ఇది పెద్ద తేడా, దయచేసి మీరు ఇంటికి పోయి ఆ అధ్యాయం తీసి చదవండి.

అతను ఇప్పుడు నగరిలో మరమగ్గాల దగ్గర పని చేస్తాడు. తల నెరిసింది. ఆ మగ్గాల చప్పుడుకు చెవి కొంచెం మందగించింది. గుమ్మంలో నన్ను చూసి "రండి సార్" అని కుర్చీ వేశాడు. గిటారు సంచి విప్పకముందే చెప్పాలని దారంతా అనుకుంటూ పోయాను. విప్పిన తరువాత చెబితే, వస్తువిచ్చి మాట కొనుక్కున్నట్లుంటుంది. "ఆ దినము అందరి ముందు నేను నిన్ను అన్నది తప్పు నాయనా" అన్నాను. అతనికి సరిగ్గా వినబడలేదు. రెండోసారి గట్టిగా చెప్పవలసి వచ్చింది. వంటింట్లోనుండి ఆయమ్మ కూడా విన్నది. అందరి ముందు అన్నదాన్ని అలాగే గట్టిగా ఒప్పుకోవలసి వచ్చింది, అంతే.

అతను ఏమీ అనలేదు. సంచి విప్పి చాలాసేపు చూశాడు.

"నలుపు ఏమైంది సార్?"

"తీసేశాను. వేయించింది నేనే కదా."

గిటారు ఒళ్లో పెట్టుకొని, స్పీకరు లేకుండానే లావు తీగను మీటాడు. పెట్టెను రొమ్ముకు ఆనించి ఇంకోసారి మీటాడు. అలా పట్టుకుంటే వినబడకపోయినా తెలుస్తుందట. తరువాత ఒక్కొక్క తీగ చూసుకుంటూ వచ్చి, "మూడో తీగ పన్నెండో మెట్టు దగ్గర కొంచెం పైకి పోతోంది సార్, చూసుకోలేదా?" అన్నాడు. చూసుకోలేదు. జేబులో ఉన్న స్క్రూడ్రైవరు ఇచ్చాను. బ్రిడ్జి దగ్గర మర తిప్పి తనే సరిచేసుకున్నాడు.

మందిరానికి రమ్మని నేను అడగలేదు. అతను ఇంతవరకు రాలేదు కూడా. గిటారు నగరిలో అతని ఇంట్లోనే ఉంది. స్క్రూడ్రైవరు కూడా అక్కడే మరచిపోయి వచ్చాను. మొన్న ఫోను చేసి, "మీ వస్తువు ఒకటి నా దగ్గర ఉండిపోయింది సార్, ఎప్పుడు వస్తారు?" అని అడిగాడు. ఈ శనివారం పోతున్నాను.