మన మగ్గం మీది చెట్టు

నూలు గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను చెట్టు దగ్గర మొదలుపెడతాను, ఎందుకో మీకే తెలుస్తుంది.

దొడ్డబళ్ళాపురంలో మరమగ్గాలు నడిపే మనవాళ్ళు ఎన్నో ఏళ్ళు ఆర్ట్ సిల్క్ అని నేసినదాంట్లో చాలావరకు రేయానే, అంటే విస్కోస్. అందులో పట్టుపురుగు లేదు, మాను ఉంది. కర్రను ముక్కలు చేసి, మందుల్లో ఉడకబెట్టి, లిగ్నిన్ అనే బంక తీసేస్తే సెల్యులోజ్ మిగులుతుంది. దాన్ని తేనెపాకంలా కరిగించి, సన్నటి బెజ్జాల్లోంచి ఆమ్లంలోకి వదిలితే పోగు తయారు. 1892లో ఇంగ్లండులో దీనికి పేటెంటు తీసుకున్నారు.

కాగితానికైతే నార పొడుగు చూడాలి. రేయాన్‌కు ఎట్లాగూ కరిగించేస్తారు కాబట్టి శుద్ధి ముఖ్యం. గుజ్జులో నూటికి 90 పైన సెల్యులోజే ఉండాలి. అందుకే అటవీ పరిశోధకులు ఏ చెట్టులో సెల్యులోజ్ ఎంత, ఎన్నేళ్ళకు కోతకొస్తుంది అని లెక్క కడతారు. మన దేశంలో మొదట్లో వెదురు కూడా వాడారు. తర్వాత నీలగిరి వచ్చింది, ఆంధ్రాలో జామాయిల్ అంటారే, అదే. మైసూర్ గమ్ అనే రకానికి మూలం మన పక్కనే ఉన్న నంది కొండ, 1790 ప్రాంతంలో టిప్పు కాలంలో అక్కడ నాటారు. తర్వాత భద్రాచలం వైపు మంచి చెట్ల కొమ్మలకు వేరు పట్టించి క్లోన్లు చేశారు. తోటంతా ఒకే తీరు కర్ర.

శాస్త్రం తన పని చేసింది. ఆ చెట్టు ఎవరి నేల మీద పెరగాలన్న దగ్గరే గొడవ. 1984లో కర్ణాటక ప్రభుత్వం, హరిహర్ పాలిఫైబర్స్ కలిసి కర్ణాటక పల్ప్‌వుడ్ అనే కంపెనీ పెట్టాయి. సుమారు 30,000 హెక్టార్ల ఊరి బీళ్ళలో నీలగిరి వేయాలని. ఆ బీళ్ళే జనానికి పశువుల మేత, వంటచెరుకు. 1987 నవంబరు 14న కుస్నూరులో జనం ఆ మొక్కలు పీకేసి, తమకు పనికొచ్చేవి నాటారు. కిత్తికో హచ్చికో అన్నారు దాన్ని, పీకు-నాటు అని. 1991లో ఆ కంపెనీని ఎత్తేశారు. రైతు తన చేలో జామాయిల్ వేసుకుంటే అది ఆయన లెక్క. ఊరుమ్మడి బీడు తీసుకోవడం వేరు. నేనైతే ఆ ఊరివాళ్ళ పక్షమే.

ఇదంతా మనకెందుకంటారా? ఈ రోజు గుజ్జు కొంత కెనడా, స్వీడన్ కర్ర నుంచి కూడా వస్తోంది. అక్కడ ధర కదిలితే ఇక్కడ మన కోను ధర కదులుతుంది. ఇంకొకటి, విస్కోస్ తడిస్తే బలం సుమారు సగానికి పడిపోతుంది. అద్దకంలో, గంజి పెట్టేటప్పుడు గట్టిగా లాగొద్దని పిల్లలకు చెప్పండి. కొందరు వ్యాపారులు దీన్నే పట్టు అని అమ్ముతారు. చెడ్డపేరు నేసినవాడికి వస్తుంది. చీర మీద విస్కోస్ అని రాసి అమ్మినా కొనేవాళ్ళున్నారు, అదీ మంచి బట్టే.

బయట బల్ల మీద మూడు పోగులు పెట్టాం, అగ్గిపెట్టె కూడా ఉంది. కాగితం కాలిన వాసన వస్తే విస్కోస్, వెంట్రుక కాలిన వాసన వస్తే పట్టు, కరిగి గట్టి ఉండ కడితే పాలిస్టర్. భోజనాలకు వెళ్ళే ముందు ఒక్కొక్కరూ కాల్చి చూడండి.